జూన్ నెల నడుము నొప్పి

మా కొండల్లో జూన్ వచ్చిందంటే రాస్ప్‌బెర్రీ పళ్ళతో పాటు జబ్బులు కూడా కోతకొస్తాయి. అరిల్యే ఊరి చుట్టుపక్కల ఏ ఫ్యాక్టరీకైనా వెళ్ళి చూడండి, సగం మంది డాక్టరు చీటీ మీద సెలవులో ఉంటారు. ఒకడికి మెడ పట్టేసింది, ఒకడికి గుండె దడ, మిగతా వాళ్ళందరికీ నడుము. అదే నడుమును తెల్లవారి అయిదింటికి తోటలో చూస్తే విల్లులా వంగి ఉంటుంది. ఏం చేస్తారు మరి, పండు ఎవరి కోసమూ ఆగదు. ఈ రోజు కోయనిది ఎల్లుండికి నేల పాలు. ఫ్యాక్టరీల వాళ్ళు దీనికి "జూన్ నడుము" అని పేరు కూడా పెట్టుకున్నారు.

మా ఆయన మిలిసావ్ రేకు డబ్బాల ఫ్యాక్టరీలో రేకులు నొక్కే ప్రెస్సు మీద పనిచేసేవాడు. అతనికి రెండేళ్ళు వరసగా జూన్ నడుము వచ్చింది. తెప్పించింది నేనే. మా పిన్ని మొగుడు నిజంగా నడుము నొప్పి మనిషి. ఆయన్ని చూసి చూసి నాకు ఆ జబ్బు కంఠతా వచ్చు. మూడు సాయంత్రాలు వంటింట్లో నిలబెట్టి మిలిసావ్‌కి నేర్పాను. "కుర్చీలో సగమే కూర్చో. లేచేటప్పుడు బల్ల పట్టుకో. నడుములోనే నొప్పంటే నమ్మరు, పిర్ర మీంచి కాలి బొటనవేలి దాకా కరెంటు తీగలా దిగుతోందని చెప్పు. తుమ్మితే ప్రాణం పోతోందను." నటన రాని మనిషి, మొదటి రోజు ఎడమ కాలు అని మొదలుపెట్టి కుడి కాలుతో ముగించాడు. రెండో ఏటికి నాకన్నా బాగా చెప్పాడు.

మూడో ఏడు, కోతకి ఇంకా వారం ఉందనగా, పొద్దున్నే ముఖం కడుక్కుంటూ తుమ్మాడు. తొట్టి అంచు పట్టుకుని అలాగే ఉండిపోయాడు.

"రూజిత్సా, కదల్లేకపోతున్నాను."

"ఇప్పట్నుంచే ఎందుకు? చీటీ తేవడానికి ఇంకా టైముందిగా," అన్నాను కాఫీ పొంగకుండా చూసుకుంటూ.

"పిర్ర మీంచి బొటనవేలి దాకా దిగుతోందే. కరెంటు తీగలా."

నవ్వాను. అక్షరం పొల్లు పోకుండా నా మాటే. అతను నవ్వలేదు. నాకు మొదటి అనుమానం అప్పుడే పుట్టింది.

ఊరికే పుట్టలేదు. మార్చిలో మాకు పెద్ద గొడవ అయింది. "ఈ తోట పీకేద్దాం, నాకు వంగి వంగి విసుగొచ్చింది, కింద ఇంటి తిహొమిర్ కొంటానంటున్నాడు," అన్నాడు మిలిసావ్. తిహొమిర్‌కీ మాకూ హద్దు దగ్గర ఒక ఆల్‌బుఖారా చెట్టు గురించి ఇరవై ఏళ్ళ తగువు. మా అత్తయ్య, మిలిసావ్ వాళ్ళమ్మ కోసానా, అతని నీడ పడినా పక్కకి తప్పుకునేది. తోట పీకాలంటే నా మీదుగా పీకాలి అన్నాను నేను. మిలిసావ్ ఆ రోజు నోరు మూసుకున్నాడు. నోరు మూసుకున్న మగవాడిని నేను నమ్మను. ఫ్యాక్టరీని మోసం చెయ్యడానికి నేర్పిన విద్య నా మీదే వాడుతున్నాడని, పళ్ళు రాలిపోయి తోట నష్టపోతే నేనే దారికొస్తానని లెక్క వేసుకున్నాడని నాకు తట్టింది. తట్టినది ఇక వదల్లేదు.

ఉజిత్సె పట్నం ఆసుపత్రిలో నడుముకి స్కాన్ ఫోటో తీశారు. డాక్టర్ నెవెంక ఆ ఫిల్మును వెలుగుకి పెట్టి పెన్నుతో చూపించింది.

"చూడమ్మా, వెన్నుపూసల మధ్య దిండు లాంటిది ఉంటుంది. జామ్ పెట్టిన బన్ను అనుకో. ఒక పక్క గట్టిగా నొక్కితే జామ్ రెండో పక్క నుంచి బయటికొస్తుంది కదా? వచ్చి ఇదిగో, ఈ నరం మీద కూర్చుంది. నరం ఎక్కడిదాకా పోతే నొప్పి అక్కడిదాకా."

"కోసి తీసెయ్యాలా?" అన్నాడు మిలిసావ్. గోడకి ఆనుకుని నిలబడే ఉన్నాడు.

"చాలామందికి కత్తి అక్కర్లేదు. రెండు మూడు నెలల్లో అది దానంతటదే కుంచించుకుపోతుంది. అలాగని మంచం మీద పడి ఉండకండి. కొంచెం కొంచెంగా, రోజుకి నాలుగైదు సార్లు నడవండి. ఎక్కువసేపు కూర్చోవద్దు. వంగి బరువెత్తడం, వంగి పక్కకి తిరగడం అసలే వద్దు."

"పళ్ళు కోయొచ్చా?" అని నేనే అడిగాను.

ఆవిడ కళ్ళద్దాల మీంచి చూసింది. "మీది అరిల్యేనా?"

"పక్క ఊరు."

"అనుకున్నా," అని మూడు వేళ్ళు ఎత్తింది. "మూడు సంగతులు గుర్తుంచుకోండి. పాదం పైకి లేవకపోయినా, కూర్చునే చోట మొద్దుబారినా, ఒంటేలు ఆగిపోయినా, గంట కూడా ఆలోచించకుండా ఇక్కడికి వచ్చెయ్యండి. నరం నలిగిపోతే తర్వాత నేను చేసేదేమీ ఉండదు."

ఫిల్ము చూశాక కూడా నమ్మలేదా అంటారేమో. నలభై దాటిన ఏ నడుమును ఫోటో తీసినా ఇలాంటిది ఒకటి కనబడుతుందని, కొందరికి ఉన్నా నొప్పే ఉండదని ఆవిడే అంది. నేను ఆ ఒక్క ముక్కా పట్టుకున్నాను. నడవొచ్చు, నిలబడొచ్చు, కబుర్లు చెప్పొచ్చు, పని మాత్రం చెయ్యకూడదు! ఇంత తీరైన జబ్బు నాకెందుకు రాదని బస్సులో కూర్చుని అనుకున్నాను. బస్సు సగం ఖాళీ. అతను మాత్రం కడ్డీ పట్టుకుని ఇంటి దాకా నిలబడే వచ్చాడు. అది కూడా నాకు చూపించడానికే అనుకున్నాను.

మా అత్తయ్యకి డాక్టరు మాట మీద నమ్మకం లేదు. "బస్సు కిటికీ తెరుచుకుని కూర్చుంటాడు, గాలి నడుముకి తగిలింది," అంది మొదట. రాకియా సారాలో ముంచిన గుడ్డ కట్టింది, దాని మీద క్యాబేజీ ఆకు పెట్టింది. మూడు రోజులకీ తగ్గకపోతే, "గాలి కాదు, స్త్రూనా జారింది," అని తేల్చింది. స్త్రూనా అంటే బొడ్డు వెనక బిగించి ఉంటుందని మా వాళ్ళు నమ్మే తీగ. డాక్టర్ల పుస్తకాల్లో ఉండదు, మా ఊళ్ళో అందరికీ ఉంటుంది. దాన్ని ఎక్కించడంలో పై ఊరి ద్రాగిన్యా అవ్వ చెయ్యి మంచిదని పేరు.

అవ్వకి డెబ్బై దాటాయి, మనిషి నా భుజం దాకా రాదు. మిలిసావ్‌ని నేల మీద పడుకోబెట్టి కుడి మోచేతినీ ఎడమ మోకాలినీ దగ్గరికి లాగింది. కలవలేదు. మధ్యలో వేళ్ళు పెట్టి కొలిచింది.

"నాలుగు వేళ్ళు జారింది. ఇన్నాళ్ళు ఎలా బతికావు నాయనా!"

"అవ్వా, నొప్పి పొట్టలో కాదు, వెనక..."

"నువ్వు నోరు మూసుకో. నొప్పికేం తెలుసు తనెక్కడుందో?"

పొట్టకి నూనె రాసి పిడికిలితో తిప్పింది. తర్వాత అతన్ని నిలబెట్టి, వీపుకి వీపు ఆనించి, మోచేతుల్లో మోచేతులు దూర్చి, ఒక్కసారి ముందుకి వంగింది. తొంభై కిలోల మనిషి ఆ ముసలమ్మ వీపు మీదికి లేచాడు. ఎక్కడో టక్కుమంది. మిలిసావ్ అరిచిన అరుపుకి కోళ్ళు గూట్లోంచి బయటికొచ్చాయి.

"విన్నారా? ఎక్కింది!" అంది అవ్వ. మా అత్తయ్య మూడు వేళ్ళతో శిలువ వేసుకుంది.

నేను మాత్రం తలుపు దగ్గర నిలబడి, టక్కుమన్నాక ఎంతసేపటికి అరిచాడా అని ఆలోచిస్తున్నాను. కాస్త ఆలస్యంగా అరిచాడనిపించింది. ఆ తర్వాత వారం రోజులు అతను గిన్నెల అలమర మీద కంచం పెట్టుకుని నిలబడే తిన్నాడు. అవ్వ చెయ్యి పడ్డాక కాలు ఇంకా మండుతోందని ఒకటి రెండుసార్లు అన్నాడు. ఆ రెండుసార్లూ నేను తలెత్తకుండా గది ఊడుస్తున్నాను.

కోత మొదలైంది. దక్షిణం వైపు నుంచి ఇద్దరు అక్కచెల్లెళ్ళను కూలికి పిలిచాను. అత్తయ్యతో కలిపి నలుగురం. ఏడు వందల అడుగుల వరసలు పద్నాలుగు. కింది కొమ్మల పళ్ళ కోసం వంగుతాం, పై కొమ్మల కోసం సాగుతాం, మధ్యాహ్నానికి నాకే నా నడుము ఎవరిదో అనిపించేది. రోజు తప్పించి రోజు తిరగాల్సిన వరసలకి మూడు రోజులు పట్టేది. పండిన పండు ముట్టుకోకముందే వేలి మీదికి జారేది, ఆ తర్వాత నేల మీదికి. చెప్పుల కింద ఎర్రగా చితికేవి.

అలాంటి ఒక మధ్యాహ్నం, వరస చివర చెమట తుడుచుకుంటూ చూశాను. కంచె దగ్గర మిలిసావ్, అవతల తిహొమిర్. తిహొమిర్ తోట వైపు చెయ్యి చాపి ఏదో చెబుతున్నాడు. తర్వాత రెండు చేతులూ నడుముకి పెట్టుకుని, వీపు నిటారుగా ఉంచి, ఒక మోకాలి మీద మెల్లగా దిగి లేచాడు. మళ్ళీ దిగి లేచాడు. మా ఆయన శ్రద్ధగా చూస్తున్నాడు, పైగా నవ్వుతున్నాడు కూడా. నేల కొలుస్తున్నారనుకున్నాను నేను. అంతకు ముందు రోజు కూడా అతను ఆ వైపే నడిచి వెళ్ళాడు. దాని ముందు రోజు కూడా.

"తిహొమిర్‌తో ఏం మంతనాలు?" అన్నాను సాయంత్రం, జొన్నరొట్టె ముక్క అతని ముందు పడేసి.

"ఏం లేదు. నడుము గురించి."

"ఎవరి నడుము?"

"అతనిదే. నాలుగేళ్ళ కింద ఇదే జబ్బు. కోశారు. మంచం మీంచి ఎలా లేవాలో చెప్పాడు. పక్కకి దొర్లి, కాళ్ళు కిందికి వదిలి, చేత్తో నెట్టుకుని లేవాలంట. మోకాళ్ళ మధ్య దిండు పెట్టుకుంటే నిద్ర పడుతుందంట."

"తోట గురించి ఏమీ మాట్లాడలేదా?"

"మార్చిలో మాట్లాడాం. ఇప్పుడు ఆ ఊసే రాలేదు."

"రోజూ ముప్పావు గంట నిలబడి దిండు గురించి మాట్లాడారా?" నా గొంతు లేచింది. కూలి అమ్మాయిలు బయట చేతులు కడుక్కుంటున్నారని తెలుసు, అయినా తగ్గించలేదు. "అక్కడ పండు నేల మీద కుళ్ళుతోంది. మీ అమ్మ డెబ్బై ఏళ్ళ ముసలిది, వంగి కోస్తోంది. నువ్వు కంచె దగ్గర షికారు! నా దగ్గరా మిలిసావ్ నాటకం? నీకు నేర్పిందే నేను కదా!"

అతను రొట్టె ముక్కను పక్కకి జరిపాడు. తినకుండానే గదిలోకి వెళ్ళాడు.

మర్నాడు గురువారం. అయిదింటికి నేను తోటలోకి వెళ్ళేసరికి మిలిసావ్ మూడో వరసలో ఉన్నాడు. నడుముకి డబ్బా కట్టుకుని ఉన్నాడు, సగం నిండింది. ఒక మోకాలు నేల మీద ఆనించి, వీపు నిటారుగా పెట్టి, కింది కొమ్మలు కోస్తున్నాడు. శుభోదయం అన్నాను. శుభోదయం అన్నాడు. నేను నాలుగో వరసలోకి వెళ్ళాను.

నిజం చెప్పాలి, నాకు సంతోషమేసింది. చూశావా, అడిగేసరికి నడుము దిగొచ్చింది అనుకున్నాను. అత్తయ్య, "స్త్రూనా కుదురుకుంది," అని ద్రాగిన్యా అవ్వకి ఒక జున్ను ముద్ద పంపించింది. ఆ వారం అతను మాట్లాడింది తక్కువ. రోజు రోజుకీ పెదవులు పాలిపోతుంటే ఎండ దెబ్బ అనుకున్నాను. వెనక్కి తిరిగి చూసిన ప్రతిసారీ అతను కోస్తూనే ఉన్నాడు, అందుకని తిరిగి చూడటం మానేశాను.

మంగళవారం పళ్ళు సర్దే షెడ్డులో అతను చెక్కల మీద నడుస్తుంటే చప్పుడు విన్నాను. ఒక అడుగు మామూలుగా, రెండో అడుగు చెప్పు కింద పడేసినట్టు టప్పుమని. ఒకటి మామూలు, ఒకటి టప్పు. కూలి అమ్మాయిల్లో చిన్నది అక్కని చూసి మూతి బిగించుకుంది.

"పాదం ఈడ్చకు, సరిగ్గా నడు," అన్నాను. "పిల్లలు నవ్వుతున్నారు."

 ఆ తర్వాత అతను నా ముందు నడవాల్సి వచ్చినప్పుడల్లా మోకాలు ఎత్తి ఎత్తి వేసేవాడు, లోతు తెలియని నీళ్ళలో నడిచేవాడిలా.

శుక్రవారం, జూలైలో వచ్చే పేత్రోవ్‌దాన్ పండగకి ముందు రోజు, పదింటికి తెల్ల కారు ఒకటి వచ్చి ఆగింది. ఫైలు పట్టుకున్న మగమనిషి ఒకడు, ఫోను పట్టుకున్న ఆడమనిషి ఒకతె. సరిగ్గా అప్పుడే నేను, "ఆ ఒక్క పెట్టె షెడ్డులో పెట్టిరా," అన్నాను, మిలిసావ్ దాన్ని ఎత్తుకుని వరసలోంచి బయటికొచ్చాడు. ఆవిడ ఫోను ఎత్తింది. మూడు సార్లు టిక్కుమంది.

"మిలిసావ్ గారేనా?" అన్నాడు ఫైలు మనిషి. "ఫ్యాక్టరీ నుంచి వచ్చాం. మీ నడుము ఎలా ఉందో చూసి పొమ్మన్నారు. బాగానే ఉన్నట్టుంది."

"బాగాలేదు," అన్నాడు మిలిసావ్, చేతుల్లో పెట్టెతోనే.

"అవునవును. జూన్ నడుము. జూలైలో కూడా అదే పేరుతో పిలవొచ్చా?" అని ఆడమనిషి వైపు చూసి నవ్వాడు.

మా అత్తయ్యకి వాళ్ళెవరో అర్థం కాలేదు. ఇంటికొచ్చిన వాళ్ళని ఊరికే పంపకూడదని కాఫీ పెట్టి, గులాబీ రేకుల మురబ్బా చెంచాతో సహా తెచ్చింది. ఆమె కొడుకు ఉద్యోగం తీసెయ్యడానికి వచ్చిన ఇద్దరూ ఆమె మురబ్బా బాగుందని మెచ్చుకుని, రెండోసారి వేయించుకుని తిని, మిలిసావ్ చేత సంతకం పెట్టించుకుని వెళ్ళారు.

కారు మలుపు తిరిగాక మిలిసావ్ మళ్ళీ పెట్టె ఎత్తుకున్నాడు. నేను వద్దనలేదు. షెడ్డు గుమ్మం చెక్కకి కుడి బూటు కొన తగిలింది. కాలు పైకి రాలేదు. పెట్టెతో సహా బోర్లా పడ్డాడు.

ముందు కదిలింది నేను కాదు. కంచె దాటి తిహొమిర్ పరిగెత్తుకొచ్చాడు. ఇరవై ఏళ్ళలో అతని కాలు మా నేల మీద పడటం అదే మొదటిసారి.

"ఒరేయ్, మా హద్దులో అడుగు పెట్టావంటే..." అని అత్తయ్య ఇంతెత్తున లేచింది.

"తర్వాత తిట్టు పెద్దమ్మా, ఎక్కడికీ పోను," అని అతను మిలిసావ్‌ని వెల్లకిలా తిప్పి, బూటు లాగి, మేజోడు లాగాడు. "పాదం పైకెత్తరా. నీ ముఖం వైపుకి లాగు."

ఎడమ పాదం లేచింది. కుడిది వేలాడుతూ ఉండిపోయింది. బొటనవేలు కూడా కదల్లేదు. మిలిసావ్ దాన్ని ఎవరిదో పాదంలా చూస్తున్నాడు.

"ఎన్నాళ్ళయిందిరా ఇలా?"

మిలిసావ్ నా వైపు చూశాడు. "ఈ రోజే," అన్నాడు.

డాక్టర్ నెవెంక ఎత్తిన మూడు వేళ్ళలో మొదటి వేలు నాకు గుర్తొచ్చింది. షెడ్డు చెక్కల మీద టప్పుమన్న చప్పుడూ గుర్తొచ్చింది. మంగళవారం.  అయినా, ఈ రోజే అన్న మాటని నేను దిద్దలేదు.

తిహొమిర్ తన కారు వెనక సీటు మీద అతన్ని పక్కకి తిప్పి పడుకోబెట్టాడు, మోకాళ్ళ మధ్య నా చలికోటు మడిచి పెట్టాడు. ఆసుపత్రిలో డాక్టర్ నెవెంక పాదం పట్టుకుని అదే ప్రశ్న అడిగింది. "నిన్నటి నుంచి," అన్నాడు మిలిసావ్. ఆవిడ నా వైపు చూసింది. నేను నేల వైపు చూశాను.

"ఒకటి రెండు రోజులే అయితే ఆశ ఎక్కువ," అంది ఆవిడ. మర్నాడు పండగ పూట పొద్దున్నే కోశారు. కాలి మంట పోయింది. ఆ సాయంత్రమే అతను నెల రోజుల తర్వాత మొదటిసారి కాసేపు కూర్చుని సూప్ తాగాడు. పాదం మాత్రం లేవలేదు. వస్తే నెలల మీద వస్తుంది, ఎంత వస్తుందో చెప్పలేం, ఎన్నాళ్ళు నలిగిందన్నదాన్ని బట్టి ఉంటుంది అన్నారు. నేను అప్పుడు కూడా మాట్లాడలేదు. నాకు సిగ్గేసింది, అంతకన్నా భయమేసింది. మిగిలిన పళ్ళన్నీ రాలిపోయాయి, చూడటానికి కూడా వెళ్ళలేదు.

ఆగస్టు చివర ఫ్యాక్టరీ విచారణకి పిలిచింది. మిలిసావ్ పాదానికి ప్లాస్టిక్ పట్టీ, చేతిలో కర్ర. రెండో అంతస్తులో గది. ఉద్యోగుల వ్యవహారాలు చూసే పెద్దాయన ఒకడు, యూనియన్ మనిషి ఒకడు, ఫ్యాక్టరీ తరఫున ఒక ముసలి డాక్టరు. బల్ల మీద ఫోటో. పెట్టె మోస్తూ మా ఆయన. వెనక నా చెయ్యి, షెడ్డు వైపు చూపిస్తూ.

పెద్దాయన ఫైలు తెరిచి తీరిగ్గా చదివాడు. "రెండేళ్ళ కింద జూన్ పదహారు: నడుము నొప్పి, పిర్ర నుంచి కుడి బొటనవేలి దాకా. తుమ్మితే పెరుగుతుంది. పోయినేడు జూన్ పద్నాలుగు: నడుము నొప్పి, పిర్ర నుంచి కుడి బొటనవేలి దాకా. తుమ్మితే పెరుగుతుంది. ఈ ఏడు జూన్ తొమ్మిది..." తలెత్తాడు. "చదవనక్కర్లేదనుకుంటా. ముక్క కూడా మారలేదు. నీకు ఆపరేషన్ అయింది, కాదనను. చీటీ పెట్టి సెలవు తీసుకున్నావు, వెళ్ళి పళ్ళు కోశావు, కోసి నడుము విరగ్గొట్టుకున్నావు. దానికి ఫ్యాక్టరీ ఏం చేస్తుంది?"

మిలిసావ్ కర్ర వైపు చూస్తూ నిలబడ్డాడు. యూనియన్ మనిషి కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. ఉద్యోగం పోయినట్టేనని నాకు అర్థమైంది. ఆ కాలుతో వేరే ఎక్కడా దొరకదని కూడా అర్థమైంది.

"మొదటి రెండూ అబద్ధం," అన్నాను.

"రూజిత్సా, ఊరుకో," అన్నాడు మిలిసావ్.

"మొదటి రెండూ నేను నేర్పినవి. ఆ మాటలన్నీ నావే. అందుకే ముక్క మారలేదు. మూడోసారి నిజంగా వచ్చింది. నిజమైన జబ్బుకి కూడా అవే మాటలుంటాయి, అతనేం చేస్తాడు? నేనే నమ్మలేదు. దెప్పి దెప్పి తోటలోకి తోలింది నేనే. ఆ ఫోటోలో చెయ్యి నాదే."

పెద్దాయన కుర్చీలో వెనక్కి వాలాడు. జాలిగానే చూశాడు నన్ను. "అమ్మా, ఈ గదిలోకొచ్చిన భార్యలందరూ తప్పు నాదేనంటారు. రెండేళ్ళు అబద్ధం చెప్పించానని మీ నోటితో మీరే ఒప్పుకుంటున్నారు. అలాంటప్పుడు మూడోది నిజమంటే నేనెలా నమ్మను?"

 నిజం గొంతు దాకా వచ్చి నిలబడింది, దాన్ని బయటికి తీసి బల్ల మీద పెట్టి చూపించే దారి లేదు. అరవాలనిపించింది. ఏడుపొచ్చింది. ఇలా నిలబడి ఉన్నాడన్నమాట నెల రోజులు, మా వంటింట్లో, గిన్నెల అలమర పక్కన. ఆ ఆలోచన వచ్చాక నాకు పెద్దాయన మీద కోపం కూడా మిగల్లేదు.

అప్పటిదాకా నోరు విప్పని ముసలి డాక్టరు లేచొచ్చాడు. "పట్టీ విప్పు నాయనా. కర్ర ఇలా ఇవ్వు. మడమల మీద నాలుగడుగులు వెయ్యి."

మిలిసావ్ వేశాడు. ఎడమ పాదం నిలబడింది. కుడిది ప్రతిసారీ నేల మీద టప్పుమని పడింది. నాలుగడుగులకే అతని చొక్కా వీపు తడిసింది.

"ఇది పళ్ళు కోస్తే ఒక్క రోజులో వచ్చింది కాదు," అన్నాడు డాక్టరు పెద్దాయనతో. "జూన్ ఫిల్ము నేను చూశాను. అందులోనే ఉంది, నరం నలిగి." తర్వాత నా వైపు తిరిగాడు. "పాదం ఎప్పట్నుంచి లేవడం లేదమ్మా? ఆసుపత్రి కాగితంలో ఒక్క రోజు అని రాసుంది."

"కాదు," అన్నాను. "మంగళవారం నుంచి. ఆపరేషన్‌కి నాలుగు రోజుల ముందు. నాకు చప్పుడు వినబడింది."

ఆయన రాసుకున్నాడు. నా చేత కూడా ఒక కాగితం మీద రాయించారు, పాత రెండేళ్ళ సంగతీ, ఈ ఏటి సంగతీ. ఆ రెండు సెలవులకీ ఆఖరి హెచ్చరిక వేశారు. ఈ ఏటి సెలవు చెల్లుతుందన్నారు. ఉద్యోగం నిలిచింది, ప్రెస్సు మీద కాదు, గేటు దగ్గర.

మెట్లు దిగుతున్నాం. అతను కమ్మీ పట్టుకుని ముందు కుడి కాలు దించి, తర్వాత ఎడమది దించి, ఒక్కో మెట్టూ దిగుతున్నాడు. నేను ఒక మెట్టు కిందనే ఉండి, పడితే పట్టుకోవడానికి వెనక్కి నడుస్తున్నాను.

"మంగళవారం కాదు," అన్నాడు.

"ఏంటి?"

"పాదం. ఆదివారం నుంచి. నీకు చెప్పాను కూడా."

"నాకా? ఎప్పుడు?"

"ఆదివారం పొద్దున్నే. నువ్వు డబ్బాలు కడుగుతున్నావు. రూజిత్సా, పాదం పైకి రావడం లేదు అన్నాను."

కింద ఎవరో తలుపు తెరిచారు. నేను కమ్మీ పట్టుకుని ఆగిపోయాను. "నేనేమన్నాను?"

"నా కాలు వైపు చూసి నవ్వి, 'బాగా నేర్చుకున్నావు,' అన్నావు."

ఆ ముఖంలో నిష్ఠూరం లేదు. అడిగితే చెప్పాడు, అంతే. తర్వాత మళ్ళీ మెట్టు వైపు చూసుకుని కాలు దించాడు.

ఆ ఆదివారం నాకు ఎంత వెతికినా గుర్తు రాదు. డబ్బాలు గుర్తున్నాయి, నీళ్ళు గుర్తున్నాయి. అతను గుమ్మంలో నిలబడటం గానీ, నేను ఆ మాట అనడం గానీ గుర్తు లేవు. అన్నాననే నమ్ముతున్నాను.